ఇంటర్నెట్టు లేని చోట లినక్స్ కంప్యూటరు

కంప్యూటరు అనగానే ఇంటర్నెట్టు కూడ ఉండితీరవలెనను భావము నేడు జనసామాన్యములో స్థిరపడిపోయినది. దీపమునకు చమురు ఎట్లో కంప్యూటరునకు ఇంటర్నెట్టు అట్లని పలువురి తలంపు. ఈ తలంపు వలన కలుగు నష్టము చిన్నది కాదు. ఒక ఊరి బడికి ఎవరో దాత కంప్యూటరు ఇచ్చినాడనుకొందము. అందులో లినక్స్ ఉన్నది. ఆ గదికి ఇంటర్నెట్టు మాత్రము రాలేదు. పిల్లలు తెలుగులో వ్రాయుటకు ఒక సాధనము ఎక్కించుమని ఉపాధ్యాయుడు కోరును. "లైను లేనిదే ఏదియు ఎక్కదు" అని ఎవరో తేల్చిచెప్పుదురు. అంతటితో యంత్రము మీద గుడ్డ కప్పుదురు. సంవత్సరము తిరుగునప్పటికి అది బీరువా ప్రక్క మరియొక బీరువా యగును. ఆ గుడ్డ తీయించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

లైను లేకుండ సాఫ్ట్‌వేరు అందించుట క్రొత్త సంగతి కాదు. దానిలో రేడియోకు కూడ కొంత భాగమున్నది. 1980 తరువాతి తొలి సంవత్సరములలో నెదర్లాండ్సు దేశపు ఎన్.ఓ.ఎస్. ప్రసార సంస్థ "హాబీస్కూప్" అను కార్యక్రమములో కంప్యూటరు ప్రోగ్రాములనే ప్రసారము చేసెడిది. ప్రోగ్రామును కీచుమను ధ్వనిగా మార్చి గాలిలో వదలెడివారు. శ్రోతలు దానిని క్యాసెట్టు మీద పట్టి, ఆ క్యాసెట్టును తమ కంప్యూటరునకు వినిపించెడివారు. 1983లో నాటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ రేడియో కూడ ఇట్టి ప్రసారములు చేసినది. మార్గమధ్యమున ఉరుము ఉరిమినను, స్టేషను జరిగినను ప్రోగ్రాము చెడిపోవును. అందుచేత డచ్చివారు ఏర్పరచిన బేసికోడ్ అను పద్ధతిలో ప్రోగ్రాము చివర ఒక సరిచూపు సంఖ్యను కూడ పంపెడివారు. అందిన అక్షరములను లెక్కించి ఆ సంఖ్యతో పోల్చినచో, వచ్చినది పూర్తిగా వచ్చినదో లేదో తెలియును. వస్తువు ఏ దారిన వచ్చినను చేరిన తరువాత సరిచూచుకొనవలెనను ఈ నియమమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మనకు మరల పని పడును.

ఇక లినక్స్ సంగతి. 1991లో ఫిన్లండ్ దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వ్రాయ మొదలిడిన మూలభాగమునకు లినక్స్ అని పేరు. దాని చుట్టును వేలకొలది ఉపకరణములను కూర్చి, మనవంటివారు వాడుకొనుటకు వీలుగా అందించు సంస్థలు పెక్కు కలవు. అందు 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ పాతది, ప్రసిద్ధమైనది. ఉబుంటు మొదలైనవి దాని సంతతివే. కావున ఈ ప్రసంగములో డెబియన్ పద్ధతినే ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

డెబియన్ వారి సాఫ్ట్‌వేరు అంతయు ప్యాకేజీల రూపమున, అనగా పేరు వ్రాసి కట్టిన పొట్లముల రూపమున, ఒక భాండాగారములో నుండును. 2025 ఆగస్టులో వెలువడిన 13వ విడుదలలో ఈ పొట్లములు సుమారు 70,000. ఇంటర్నెట్టు ఉన్నవాడు తన యంత్రమునకు ఒక పేరు చెప్పును. "ఆప్ట్" అను సేవకుడు భాండాగారమునకు పోయి ఆ పొట్లమును తెచ్చి విప్పి సర్దును. యజమానికి శ్రమ లేదు. శ్రమ లేదు కనుకనే లోపల ఏమి జరుగుచున్నదో అతనికి తెలియదు. లైను లేనివాడు మాత్రము ఆ సేవకుని పనిని తానే చేయవలెను. కనుక అతడు సంగతి తెలిసికొనక తప్పదు.

ముందుగా తెలియవలసినది పొట్లములకు గల చుట్టరికము. డెబియన్‌లో చాల పొట్లములు ఒంటరిగా వచ్చునవి కావు. మన బడి ఉపాధ్యాయుడు తెలుగు టైపు చేయుటకు "ఐబస్-ఎమ్17ఎన్" అను పొట్లమును కోరినాడనుకొందము. అది "ఐబస్" లేనిదే నడవదు. దానికి "లిబ్‌ఎమ్17ఎన్" అను గ్రంథము కావలెను. ఆ గ్రంథమునకు "ఎమ్17ఎన్-డీబీ" అను పట్టిక కావలెను. తెలుగు మీటల అమరిక ఉన్నది ఆ పట్టికలోనే. ఇక అక్షరములు తెర మీద డబ్బాలవలె గాక అక్షరములవలె కనబడవలెనన్నచో "ఫాంట్స్-తెలు" అను లిపుల పొట్లము వేరుగా కావలెను. పెండ్లికి ఒకరిని పిలిచినచో ఆ ఇంటివారందరిని పిలిచినట్లే. పట్నము పోయి ఒక్క పొట్లమును మాత్రము పెన్‌డ్రైవులో తెచ్చినవాడు చుట్టములు లేక దానిని నిలుపలేడు. ఆ చుట్టము కొరకు మరల పట్నము పోవును. వచ్చిన చుట్టము తన చుట్టమును అడుగును. మూడవ ప్రయాణమునకు విసుగుపుట్టి, లినక్స్ మనకు పనికిరాదని తీర్మానించును.

ఈ తిరుగుడు తప్పవలెనన్నచో ఒక్క సూత్రము చాలును: చీటీ ఇంటి నుండి పోవలెను, సరకు బయటి నుండి రావలెను. ఇంటిలో ఏమి ఉన్నదో, ఏమి లేదో ఇంటికే తెలియును. కందిపప్పు డబ్బా అడుగంటినదని సంతలోని వర్తకునికి ఎట్లు తెలియును? లైను లేని కంప్యూటరులో ఏ పొట్లములు ఇదివరకే ఉన్నవో దాని పుస్తకములో వ్రాసియుండును. కనుక ఏమి కావలెనో తేల్చవలసినది లైను లేని ఆ యంత్రమే. లైను ఉన్న యంత్రము కేవలము బండి. ఇక మేము చెప్పబోవు పద్ధతులన్నియు ఈ సూత్రమునకు వ్యాఖ్యానములే. ఆజ్ఞల పేరులను చెవితో విని వ్రాసికొనుట కష్టము గనుక అవి ఈ పుటలలో అచ్చగుచున్నవి. యంత్రమునకు మాత్రము వానిని ఆంగ్లాక్షరములలో చెప్పవలెను.

మొదటి పద్ధతి గాదెను నింపుకొనుట. డెబియన్ వారు తమ పొట్లములను డీవీడీ బింబములుగా కూడ అందించుచున్నారు. మొదటి బింబము సుమారు 4 గిగాబైట్లు. ఎక్కువమంది వాడు పొట్లములు అందులో చేర్చబడినవి. పట్నములో ఒకసారి దింపుకొని డిస్కు మీదనో పెన్‌డ్రైవులోనో తెచ్చుకొన్నచో, బల్లమీది సామానంతటితో యంత్రమును నిలుపుటకు అది చాలును. తరువాత "ఆప్ట్-సీడీరోమ్ యాడ్" అను ఆజ్ఞ ఇచ్చినచో ఆ డిస్కే యంత్రమునకు భాండాగారమగును. అటుపిమ్మట పొట్లమును పేరు చెప్పి అడిగినచో, డిస్కులో ఉన్నంతవరకు చుట్టములతో సహా సేవకుడే తెచ్చి సర్దును. గాదెలో ఉన్న ధాన్యమునకు సంతకు పోనక్కరలేదు గదా.

ఇచ్చట ఒక చిత్రమైన చిక్కును చెప్పవలెను. కొన్ని యంత్రములలో వైఫై పరికరము ఉండియు పని చేయదు. దానిని నడిపించు ఫర్మ్‌వేరు అను చిన్న ఫైలు లోపించుటయే కారణము. ఆ ఫైలు ఇంటర్నెట్టులో ఉన్నది. ఇంటర్నెట్టునకు పోవలెనన్నచో ఆ ఫైలు కావలెను! పెట్టెను తెరచు తాళపుచెవి ఆ పెట్టెలోనే ఉండిపోయినట్లు. 2022లో డెబియన్ సభ్యులు వోటు వేసి నిర్ణయించుటచే, 2023లో వెలువడిన 12వ విడుదల మొదలు ఈ ఫైళ్ళు అధికార బింబములలోనే చేరినవి. కావున పాత డిస్కుతో ఈ చిక్కులో పడినవారు క్రొత్త డిస్కును తెప్పించుకొని చూడవలెను.

రెండవ పద్ధతి చీటీ పద్ధతి. గాదెలో లేనిది కావలసినప్పుడు ఇది శరణ్యము. దీనికి "ఆప్ట్-ఆఫ్‌లైన్" అను ఉపకరణము కలదు. ఇదియు ఒక పొట్లమే గనుక, ముందుగా దీనిని తెచ్చి లైను లేని యంత్రములో నిలుపవలెను. అట్లే, లైను లేకుండ నిలిపిన యంత్రమునకు భాండాగారపు చిరునామా తెలిసియుండకపోవచ్చును; ఆకరముల పట్టిక అను ఫైలులో ఆ చిరునామాను వ్రాసిపెట్టవలెను. చిరునామా లేని చీటీ ఎచ్చటికి పోవును?

తరువాత పని మూడు మెట్లు. మొదటి మెట్టు లైను లేని ఇంట: "ఆప్ట్-ఆఫ్‌లైన్ సెట్" అని, ఒక ఫైలు పేరు చెప్పి, ఏమి కావలెనో చెప్పవలెను. యంత్రము తన పుస్తకమును చూచుకొని, కావలసిన వానినన్నిటిని ఆ చిన్న ఫైలులో వ్రాయును. చీటీ సిద్ధమైనది. రెండవ మెట్టు లైను ఉన్న చోట: ఆ చీటీని పెన్‌డ్రైవులో కొనిపోయి "ఆప్ట్-ఆఫ్‌లైన్ గెట్" అన్నచో, చీటీలోని సరకులన్నియు దిగి ఒక్క మూటగా కట్టబడును. అచ్చటి యంత్రము లినక్సే కానక్కరలేదు; పైథాన్ ఉన్న విండోస్ యంత్రమైనను చాలును. మూడవ మెట్టు మరల ఇంట: మూటను తెచ్చి "ఆప్ట్-ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్" అని విప్పి, ఆపైన ఆప్ట్‌ను మామూలుగా పొట్లము అడుగవలెను. పొట్లము తనతో వచ్చిన చుట్టములతో సుఖముగా ఇల్లు చేరును.

యంత్రము దగ్గర భాండాగారపు జాబితా లేనప్పుడు, లేక అది పాతబడినప్పుడు, మొదటి ప్రయాణము జాబితా కొరకే చేయవలెను. పాత జాబితా చూచి వ్రాసిన చీటీలోని సరకు భాండాగారములో దొరకకపోవచ్చును. అచ్చట పాత పొట్లములు తీసి క్రొత్తవి పెట్టుచుందురు. మొదటి రాకపోకలో జాబితా, రెండవ రాకపోకలో సరకు: ఇట్లు రెండు ప్రయాణములకు సిద్ధపడినవాడు మూడవదానికి పోనక్కరలేదు.

ఆప్ట్-ఆఫ్‌లైన్ దొరకని చోట మూడవ పద్ధతి కలదు. జాబితా ఉన్న యంత్రములో "ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్" అను ఆజ్ఞకు "ప్రింట్-యూఆర్ఐస్" అను మాటను చేర్చినచో, అది ఏమియు నిలుపదు. కావలసిన ప్రతి పొట్లముయొక్క చిరునామాను, పేరును, పరిమాణమును, గుర్తుసంఖ్యను వరుసగా వ్రాసియిచ్చును. ఆ వరుసను పట్నము కొనిపోయి ఒక్కొక్క చిరునామాలోని ఫైలును దింపుకొనవచ్చును. తెచ్చిన పొట్లములన్నిటిని ఒక్క సంచిలో నుంచి ఒక్క ఆజ్ఞతో నిలుపవలెను. ఒక్కొక్కటిగా నిలుప చూచినచో ఏది ముందో ఏది వెనుకో తెలియక తగవు పడును.

చీటీ వ్రాయకుండ చేతికందినది తెచ్చువారు రెండు చోట్ల దెబ్బ తినుచుందురు. మొదటిది విడుదల. 13వ విడుదల యంత్రమునకు 12వ దాని పొట్లములు తెచ్చినచో చుట్టరికము కలియదు. ఉబుంటు పొట్లములు డెబియన్‌లో పెట్టుట కూడ అట్టిదే. రెండవది యంత్రజాతి. బల్లమీది కంప్యూటరుల జాతి వేరు, రాస్ప్‌బెరీ పై వంటి చిన్న పలకల జాతి వేరు. ఒకదాని పొట్లము రెండవదానికి పనికిరాదు. పాత 32 బిట్ల యంత్రములు దానముగా వచ్చుచుండును. డెబియన్ 13వ విడుదలలో ఆ జాతికి స్థాపన బింబము లేదు గనుక, అట్టివానికి 12వ విడుదలను చూచుకొనవలెను. చీటీ యంత్రమే వ్రాసినచో ఈ రెండు పొరపాట్లకును తావుండదు.

సెల్‌ఫోనుకు సిగ్నలు అందు చోట ఇంతటి శ్రమ అక్కరలేదు. ఫోనును తీగతో కంప్యూటరునకు కలిపి, ఫోనులోని ఇంటర్నెట్టును దానికి పంచు సౌకర్యమున్నది. చిన్న పొట్లములకు అది సుఖము. అట్లే "యాప్‌ఇమేజ్" అను తరహా సాఫ్ట్‌వేరు తనకు కావలసిన చుట్టములలో చాలమందిని తన బండిలోనే ఎక్కించుకొని వచ్చును. ఫైలు పెద్దదైనను చిక్కు తక్కువ. కాని అది భాండాగారపు ముద్రతో వచ్చినది కాదు. ఈ మాటతో మనము అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చినాము.

దారిన దొరికిన పొట్లమును విప్పి నోట వేసికొనువాడుండడు. కంప్యూటరు విషయమున మాత్రము అట్లే చేయుచున్నాము. డెబియన్ వారు దీనికి చక్కని కట్టుబాటు చేసినారు. ప్రతి పొట్లమునకు గణితముచే తీసిన ఒక పొడుగాటి గుర్తుసంఖ్య ఉండును; పొట్లములో ఒక్క అక్షరము మారినను సంఖ్య మారిపోవును. ఆ సంఖ్యలన్నియు జాబితాలో ఉండును. జాబితాల సంఖ్యలు "రిలీజ్" అను పత్రములో ఉండును. ఆ పత్రము మీద డెబియన్ వారి ముద్ర ఉండును. ముద్రను పరీక్షించు తాళపుచెవి మన యంత్రములో మొదటి నుండియు ఉన్నది. గొలుసులో ఒక కడియము మరియొక కడియమును పట్టుకొన్నట్లు, ముద్ర పత్రమును, పత్రము జాబితాను, జాబితా పొట్లమును కాచుచుండును. నాడు డచ్చి రేడియో ప్రోగ్రాము చివర పంపిన సరిచూపు సంఖ్య ఈ గొలుసునకు ముత్తవ్వ వంటిది. అది ఉరుమును మాత్రమే పట్టుకొనగలిగినది. ఇది దొంగను కూడ పట్టుకొనును.

ఇందలి మెలకువ ఏమనగా, జాబితాను కూడ సరకుతో తెచ్చుకొన్నప్పుడే ఈ గొలుసు పూర్తియగును. విడిగా తెచ్చిన పొట్లమును "డీపీకేజీ" అను ఆజ్ఞతో నిలిపినచో, ఆ ఆజ్ఞ ముద్రను అడుగదు. ఇచ్చినదానిని ఇచ్చినట్లు విప్పును. అట్టి సందర్భమున జాబితాలోని గుర్తుసంఖ్యను పొట్లము సంఖ్యతో మనమే పోల్చుకొనవలెను. "ఎస్‌హెచ్ఏ256సమ్" అను చిన్న ఆజ్ఞ పొట్లము సంఖ్యను చెప్పును. డీవీడీ బింబములకు కూడ ఇట్టి సంఖ్యల పత్రము, దాని మీద ముద్ర వేరుగా ఇచ్చుచున్నారు. పట్నములోనే బింబమును సరిచూచుకొని బయలుదేరినవానికి తిరుగు ప్రయాణపు బస్సు ఖర్చు మిగులును.

లైను లేదు గనుక మా యంత్రమునకు దొంగల భయము లేదని కొందరి ధీమా. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్టప్రోగ్రాము ఈ ధీమాను వమ్ము చేసినది. అది ఇరాన్ దేశపు అణుకేంద్రములోని యంత్రములను దెబ్బతీసినది; పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపింపగలిగినది. అది సోకినది విండోస్ యంత్రములకు. మన బడి యంత్రము అణుకేంద్రమును కాదు. అయినను నీతి ఒక్కటే. లైను లేని ఇంటికి పెన్‌డ్రైవే వీథితలుపు. గాదె క్రింద పందికొక్కు చేరినచో గాదె ఎంత పెద్దదైన నేమి లాభము? కావున ఈ పనికి ఒక పెన్‌డ్రైవును ప్రత్యేకించి ఉంచుకొనవలెను. పెండ్లి ఫోటోలకు, పాటలకు, ఇరుగుపొరుగువారి అవసరములకు దానిని ఇయ్యరాదు.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. సాఫ్ట్‌వేరు ఎక్కించినంతమాత్రమున పని తీరలేదు. ప్రోగ్రాములలో లోపములు బయటపడుచునే యుండును. డెబియన్ వారు సవరణలను వెలువరించుచునే యుందురు. లైను ఉన్న యంత్రము వానిని దినదినము అందుకొనును. లైను లేని యంత్రమునకు ఎవరో ఒకరు తెచ్చిపెట్టవలెను. ఆప్ట్-ఆఫ్‌లైన్ చీటీలో సవరణలను కూడ కోరవచ్చును. నెలకొకసారియో, సెలవులు ముగిసి బడి తెరచునప్పుడో ఈ పనికి ఒక దినము నిర్ణయించుకొన్నచో మరపు రాదు. ఏ దినమున ఏమి తెచ్చినదియు ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచుట మంచిది. ఈ ఉపాధ్యాయుడు బదిలీయై పోయినను వచ్చినవానికి ఆ పుస్తకము దారి చూపును.

చివరకు ధర్మమును గూర్చి ఒక మాట. పెన్‌డ్రైవులో సాఫ్ట్‌వేరు మోసికొనిపోయి మరియొకరికి ఇచ్చుట దొంగతనము కాదా అని కొందరు సజ్జనులు సంకోచింతురు. ఆ సంకోచము మెచ్చదగినదే. అమ్మకపు సాఫ్ట్‌వేరులో చాలవాని విషయమున అది సహేతుకము కూడ. డెబియన్ ప్రధాన భాండాగారములోని సాఫ్ట్‌వేరు మాత్రము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పేరుతో ప్రకటించిన ప్రయత్నమునుండి వచ్చిన సంప్రదాయమిది. వాడుకొనుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, ప్రతులు తీసి ఇతరులకు ఇచ్చుటకు లైసెన్సులోనే అనుమతి వ్రాసియుండును. ఒక బడి తెచ్చుకొన్న మూటను ప్రక్క ఊరి బడికి ఇచ్చుట ఆ అనుమతికి అనుగుణమైన పని. ఒకే విడుదల, ఒకే జాతి యంత్రములున్న పది బడులు కలిసి ఒక్క గాదె నింపుకొన్నచో, పదిమంది పది ప్రయాణములు చేయనక్కరలేదు.

ఇంటర్నెట్టు ప్రతి గ్రామమునకు, ప్రతి బడికి రావలసినదే. అది వచ్చువరకు యంత్రము గుడ్డ క్రింద ఉండవలెననుట మాత్రము న్యాయము కాదు. నేడు ఏడవ తరగతిలో నున్న పిల్లవాడు లైను వచ్చువరకు ఏడవ తరగతిలోనే ఉండడు. అతనికి కావలసిన తెలుగు అక్షరములు, లెక్కల పాఠములు, బొమ్మలు వేయు సాధనములు ఒక బొటనవ్రేలంత పెన్‌డ్రైవులో పట్టును. ఆ ఊరినుండి పట్నమునకు బస్సు ఉన్నది. కావలసినది జేబులో ఒక చీటీ; ఆ చీటీ వ్రాయించు ఒక మనుష్యుడు.